లిఫ్టులో గురువారం

ఈ ఓడలో లిఫ్టు నేల మీద తివాచీ,
తివాచీ మీద వారం పేరు.
అర్ధరాత్రి ఎవరో వచ్చి మారుస్తారట,
పింఛను మొదలయ్యాక
అన్నీ ఆదివారాలే అయిపోయిన మాలాంటి వాళ్ళ కోసం.
ఇవాళ గురువారం.
దాన్ని తొక్కుకుంటూ భోజనానికి వెళ్ళాం.

బెర్గెన్ దాటి నాలుగు రోజులు.
ఉత్తరానికి పోయేకొద్దీ సూర్యుడు మొండికేశాడు,
కొండ అంచు దాకా వచ్చి కూర్చుంటాడు గానీ దిగడు.
డాక్టరు చీటీలో రాత్రికొకటి అని ఉంది.
రాత్రే లేనిచోట రాత్రి మాత్ర
ఎప్పుడు మింగాలి?
మా బల్ల దగ్గర రోజూ ఇదే చర్చ.
"రెండు గ్లాసుల షెర్రీతో వేసుకోండి,
చీకటి దానంతటదే పడుతుంది" అంది
ఇద్దరు భర్తల్ని సాగనంపిన మిసెస్ గెడ్డెస్.
బల్లంతా నవ్వింది.
మా లాక్లన్ నవ్వలేదు. వినపడలేదు.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఓడ కడుపులో ఉద్యోగం.
కార్లూ గొర్రెలూ పెళ్ళివాళ్ళూ
ఒకోసారి శవపేటికలూ ఎక్కే ఫెర్రీల అడుగున,
నీటిమట్టానికి దిగువన.
స్కాట్లండు దీవులన్నీ తిరిగాడు,
చూసింది మాత్రం నూనె డబ్బా.
ఇంజన్లు ఆయన చెవులు తినేసి
బదులుగా అరికాళ్ళకు వినికిడి ఇచ్చి వెళ్ళాయి.
మనుషుల మాట పెదాలు చూసి పట్టుకుంటాడు.
గ్రీనక్‌లో మా ఇంట్లో దీపం ఆర్పామంటే
ఆ పూటకి మా సంసారం మూగదే.

ఈ ప్రయాణం నా పంతం.
సముద్రాన్ని ఒక్కసారి పైనుంచి చూడమన్నాను.
మా అమ్మ గోడ గడియారం అమ్మి
కిటికీ ఉన్న గది తీసుకున్నాను.
ఆయనేమో కిటికీకి వీపు పెట్టి
గోడ మీద అరచెయ్యి వేసి కూర్చుంటాడు,
బిడ్డకి జ్వరం చూసినట్టు.
నిన్న జలపాతం కనబడగానే
చేతికర్రలూ వాకర్లూ కొత్త మోకాళ్ళూ
అన్నీ ఒక్కసారిగా కుడివైపుకి ఉరికాయి.
ఓడ ఒరిగిపోతుందేమో అనుకున్నాను.
ఆయన కదల్లేదు.

రాత్రి, గడియారం ప్రకారం రాత్రి,
నన్ను తట్టి లేపాడు.
"రెండో నంబరు సరిగ్గా కొట్టుకోవడం లేదు."
పైజామాతోనే రిసెప్షన్‌కి నడిచాడు, వెనకాల నేను.
అక్కడి అమ్మాయి జొసెలిన్
శ్రద్ధగా విని, కాగితం మీద రాసుకుని,
చామంతి టీ పంపించమంటారా అంది.
ముసలాళ్ళకి ఇచ్చే నవ్వొకటుంటుంది,
పిల్లలకి ఇచ్చేదే, కాస్త నెమ్మదిగా.

తిరిగొస్తుంటే లిఫ్టు తెరిచే ఉంది.
ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని
గురువారాన్ని చాపలా చుడుతున్నాడు.
మా ఆయన ఏమీ అనలేదు.
స్టీలు కీలున్న మోకాలు నెమ్మదిగా మడిచి,
శుక్రవారం రెండో కొస పట్టుకున్నాడు.
"సార్, వద్దు సార్" అన్నాడు కుర్రాడు.
సార్‌కి వినపడలేదు.
మూలలు సరిచూసి, అరచేత్తో ముడతలు సాగదీసి,
కొంచెం ఎడమకి జరిపాడు.
బెర్గెన్‌లో ఎక్కాక ఆ మొహంలో
మొదటిసారి రంగు చూశాను.

గదిలో కర్టెన్ లాగబోయి ఆగాను.
ఎండ నా మొహం మీదే పడుతోంది, ఒంటిగంటకి.
"రెండో నంబరుకి ఏమైంది?" అన్నాను.
నా పెదాలు చూశాడు.
"ఏం కాలేదు. గుర్రంలా ఉంది.
చెబితే ఎవరైనా కిందికి తీసుకెళ్తారేమోనని."

నేనూ గోడ మీద చెయ్యి వేశాను.
నాకేం తెలుస్తుంది, ఫ్రిజ్‌లా గుర్రుమంటోంది.
నా మణికట్టు పట్టుకుని
జానెడు పక్కకి జరిపాడు.
"అక్కడ కాదు, ఇక్కడ."

చాలాసేపు అలాగే నిలబడ్డాం.
తర్వాత అడిగాడు, "మాత్ర వేసుకున్నావా?"
"ఏ రోజుది?" అన్నాను.